రోజుకి ఆరు ఔన్సులు

ఆగస్టు 11, 1968, ఆదివారం

ఈ డైరీ ఒక బీమా ఏజెంటు నాన్నకి ఊరికే ఇచ్చి వెళ్లినది. నాన్న బీమా చెయ్యలేదు, డైరీ తిరిగివ్వలేదు. జనవరి నుంచి జూలై దాకా పేజీలన్నీ తెల్లగా ఉన్నాయి. ఆ ఏడు నెలల్లో థర్డ్ క్లాసు బి.ఏ. పట్టభద్రుడు గణపతిరావు, అనగా నేను, ఏమేమి సాధించాడో ఆ పేజీలే యథాతథంగా చెబుతున్నాయి. కనుక వాటిని ముట్టుకోవడం లేదు.

ఇవాళ మాత్రం రాయవలసినది ఉంది. నాకు ఉద్యోగమైంది. జీతం లేదు. హోదా సీసా బంట్రోతు.

పొద్దున్న బస్సులో నాన్న, నేను, సీసా రాజాం వెళ్లాం. సీసాకి టిక్కెట్టు లేదు గాని కిటికీ పక్క చోటు దానిదే, నా ఒళ్లో కూర్చుని చెరకు తోటలు చూసుకుంటూ వచ్చింది. అక్కడి హైస్కూల్లో మద్యనిషేధ ప్రచార సంఘం తరఫున నాన్న ఉపన్యాసం. వారమంతా కోర్టు ఎదుట తాటాకు పందిరి కింద కూర్చుని నాలుగణాలకీ ఎనిమిదణాలకీ జనం అర్జీలు రాసే నరసింగరావు, ఆదివారం వచ్చేసరికి తెల్ల కండువా వేసుకుని వేరే మనిషైపోతాడు.

ఉపన్యాసం నాకు కంఠస్థం. తాగుడు వల్ల చెడినవాళ్ల కథలు మూడు. ఆ తరవాత నేను గుడ్డసంచి అందించాలి. నాన్న తువ్వాలు విప్పి, పూజారి హారతి ఎత్తినట్టు సీసాని రెండు చేతులా ఎత్తుతాడు. 1946లో రైలు వంతెన పని ముగించుకుని వెళ్లిపోతూ ఇంజనీరు దొర, తనకి తెలుగు నేర్పినందుకు ఇచ్చిన విస్కీ అది. అంత తెలుగు వచ్చిన దొరకి, నాన్న తాగడన్న ఒక్క ముక్క మాత్రం అర్థం కాలేదు. ఒకరిచ్చింది పారెయ్యకూడదు. అది తాగకూడదు. అంచేత అమ్మ పప్పుడబ్బాల పక్కన ఇరవై రెండేళ్లుగా నిలబడి ఉంది. ఈలోగా దొరలు పోయారు, మద్యనిషేధం వచ్చింది, నాకు మీసాలొచ్చాయి. తగరం చుట్టిన ఆ మూత మాత్రం కదల్లేదు.

ప్రతి ఊళ్లోనూ ఎవడో ఒక కుర్రాడు లేచి దాని వాసన ఎలా ఉంటుందని అడుగుతాడు. నాన్న సీసాని కిందికి దించి, “నాకు తెలీదు బాబూ” అంటాడు. చప్పట్లు అక్కడ పడతాయి. ఉపన్యాసమంతా ఆ ఒక్క ముక్క కోసమే.

భోజనం షావుకారు కాశీవిశ్వనాథం గారింట్లో. ధాన్యం వ్యాపారం, సంఘానికి ఏటా పాతిక రూపాయల చందా. చేతులు కడుక్కుంటుంటే ఆయన నా చేతిలో నీళ్లు పోస్తూ, చెవిదగ్గరికొచ్చి, ఆ సీసా ఇప్పిస్తే మూడు వందలిస్తానన్నారు. రైల్వేలో గూడ్సు ఆఫీసరొకడికి దొరసరుకు తప్ప గొంతు దిగదట. వ్యాగన్లు కావాలంటే సీసా కావాలట.

మూడు వందలు. ఇన్నాళ్లూ నా ఒళ్లో కూర్చున్నది ఎవరో నాకు తెలియనే లేదు.

ఆగస్టు 12

టైపు మిషను, సెకండ్ హ్యాండు, నాలుగు వందల యాభై. కోర్టు దగ్గర టైపు కొట్టే ఇద్దరి ముందు జనం బారులు తీరుతున్నారు. నాన్న ముందు ఈ రోజు ముగ్గురే. నాన్న కోసమే ఆలోచిస్తున్నాను.

ఆగస్టు 18, ఆదివారం

గాంధీ జయంతి కరపత్రానికి సీసా ఫోటో తీయించాలని అమ్మకి చెప్పి, సంచి తగిలించుకుని కంటోన్మెంటు వెళ్లాను. అక్కడ కూర్మయ్య ఉంటాడు. ఒకప్పుడు దొరల క్లబ్బులో బట్లరు. ఇప్పుడు రెండు మేకలకి యజమాని.

తువ్వాలు విప్పగానే ముసలాడు మేకని పక్కకి నెట్టి, చేతులు కడుక్కుని వచ్చాడు. సీసాని కిటికీ వెలుగుకి ఎత్తి ఒకవైపు వంచాడు. లోపల బుడగలు ఎక్కే తీరు చూశాడు. మూత తగరం మీద బొటనవేలు తిప్పాడు. లేబులు మీద పసుపు అట్టకట్టి ఉంది, దసరాకి అమ్మ నాన్న కలాలతో పాటు దీనికీ బొట్టు పెడుతుంది. గోరుతో గీకబోయి, ఎందుకో మానేశాడు.

“అసలు సరుకే బాబూ. మెడకాడ వేలెడు తగ్గింది సూడు. దాని మానాన అది గాల్లో కలిసిపోతాది. మీ నాన్న ముట్టకపోయినా దేవుడు తాగేడు.”

ఎంత చేస్తుందని అడిగాను.

“తాగేవోడికైతే వంద. ఇంకోడికి తాగించి పని సేయించుకునేవోడికి అయిదొందలు. పోలీసోడికి సిక్కితే ఆర్నెల్లు.”

తరవాత ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. పర్మిట్టున్న మనిషి ఇంట్లోంచి వచ్చిన సీసా తలెత్తుకుని రోడ్డు మీద నడుస్తుంది, కొనేవాడికి భయం ఉండదు, అంచేత పూర్తి ధర. పర్మిట్టు లేని సీసా గోనెలో దూరి పోవాలి, సగం ధర. పర్మిట్టు ఎవరికిస్తారంటే, తాగకపోతే ప్రాణం నిలవదని డాక్టరు రాసిచ్చినవాళ్లకి.

వచ్చేటప్పుడు మరొక్కసారి పట్టుకుంటానని అడిగి తీసుకున్నాడు. కాసేపు పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని ఇచ్చేశాడు.

ఆగస్టు 19

తాగకపోతే ప్రాణం నిలవనివాడు. మా నాన్న. నవ్వాపుకోలేక రెండుసార్లు వీధిలోకి వెళ్లాల్సొచ్చింది.

ఆగస్టు 25, ఆదివారం

భోజనాలప్పుడు విషయం కదిపాను. కొత్తగా వచ్చిన ఎక్సైజు ఇన్‌స్పెక్టరు చండశాసనుడనీ, ఉపన్యాసం కోసమైనా సరే పర్మిట్టు లేకుండా సీసా ఉంచుకుంటే నేరమే అంటున్నాడనీ చెప్పాను. కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చిన మాట నిజం. చండశాసనుడని కూడా ఎవరో అన్నారు. మిగిలినది ఆ రెండింటి మధ్య ఖాళీ ఉంటే నేను పూరించాను.

నాన్న ముద్ద కంచంలో పెట్టేశాడు. చట్టం గురించి ఊరూరా చెప్పేవాడు ఇరవై ఏళ్లుగా చట్టం తప్పి ఉన్నాడా అని అడిగాడు. నన్ను కాదు, కంచాన్ని. అమ్మ ఆ దరిద్రాన్ని కాలవలో ఒంపెయ్యమంది. అలా చేస్తే గాంధీ జయంతి నాడు ఏమి చూపించాలని నాన్న బాధ. ఈ ఏడు శతజయంతి మొదలవుతుందట, ఊళ్లో మూడు లాంతర్ల కూడలి దగ్గర పెద్ద సభ, ఆఖరి ఉపన్యాసం నాన్నది. మూడు నెలల నుంచి అద్దం ముందు చెప్పుకుంటున్నాడు.

పర్మిట్టు తెచ్చే పూచీ నాదన్నాను. నాన్న నావైపు చూసిన చూపు, నేను బి.ఏ. పాసైన రోజు కూడా చూడలేదు.

ఆగస్టు 28

ఫారం ఇంగ్లీషులో ఉంది. ఇలాంటి ఉత్తమ సాహిత్యం మా కాలేజీలో ఎవరూ బోధించలేదు.

ఎన్నేళ్లుగా అలవాటు? ఇరవై రెండు.
రోజుకి ఎంత? ఆరు ఔన్సులు.
ఏ వేళ? రాత్రి ఏడు గంటలకి.
మానితే ఏమగును? చేతులు వణుకును, మతి నిలవదు, వృత్తి సాగదు.

మూడు ఔన్సులని రాసినా సరిపోయేది. ఆరు అన్నదాంట్లో ఒక నిండుతనం ఉంది.

నాన్నకి తెలుగులో ఎదురులేదు గాని ఇంగ్లీషు వేలు పెట్టి చదవాలి, ముక్కముక్కకీ ఆగాలి. ఏమి రాశానని అడిగాడు. సీసా ఇరవై రెండేళ్లుగా మీ దగ్గరుందనీ, దానితో మీకు నిత్యం అవసరముందనీ, అది లేకపోతే మీ పని సాగదనీ రాశానన్నాను. అర్థం అడిగాడు, సారాంశం చెప్పాను.

“నువ్వు పూర్తిగా సదివేవు కదా?”

చదివానన్నాను. సంతకం పెట్టి, కింద తేదీ వేసి, సిరా ఆరేదాకా ఊదాడు.

తను రాయని కాగితం మీద నాన్న సంతకం చెయ్యడం నేను చూడలేదు. అసలాయన రాసిన కాగితాలే ఒక కథ. పాతపట్నం నుంచి వచ్చిన రైతొకడికి, దొంగలెత్తుకుపోయిన ఆవు మూడో ఈతదని అర్జీలో రాశాడు. సాయంత్రం ఆ రైతు పెళ్లాం మాటల్లో అది రెండో ఈతదని తేలింది. మర్నాడు తన ఖర్చులతో బస్సెక్కి పాతపట్నం వెళ్లి, వాళ్ల వేలిముద్ర వేయించి, మూడుని రెండు చేసొచ్చాడు. ఆవు దొరకలేదు. కోర్టు దగ్గర ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. చెప్పినవాడు నవ్విన తరవాత తన అర్జీ మాత్రం నాన్న దగ్గరే రాయించుకుంటాడు.

డాక్టరుకి పది రూపాయలు. పర్మిట్టు కావాలంటే ఎవరినైనా డాక్టరు చూడాలి, మామూలు తంతు అని నాన్నకి చెప్పాను. నాన్న నాలుక చూసి, చేతులు వణుకుతాయా అని అడిగాడట. రాసీ రాసీ సాయంత్రానికి కొంచెం వణుకుతాయని నాన్న చెప్పాడు. డాక్టరు రాసుకున్నాడు. చూశారా, అందులోనూ అబద్ధం లేదు.

సెప్టెంబరు 9, సోమవారం

పర్మిట్టు వచ్చింది. నంబరు, ముద్ర, నెలకి రెండు సీసాల కోటా. నాన్న దానికి అట్ట వేసి, సీసా పక్కనే నిలబెట్టాడు.

మధ్యాహ్నం రాజాం వెళ్లి షావుకారుకి చెప్పాను. అయిదు వందలకి ఎక్కారు. యాభై బయానా. గాంధీ జయంతి సభ అయిన మర్నాడు సరుకు అప్పగించాలి. బస్టాండులో సంచి జారి సీసా పగిలిందని ఇంట్లో చెబుతాను. దానికి తగ్గ ముఖం అద్దంలో సాధన చేస్తున్నాను. ఇప్పటికి అద్దం ముందు ఇంట్లో ఇద్దరం.

యాభై టైపు మిషనుకి బయానా కట్టేశాను. మిషనుకి ఒక అక్షరం సరిగా పడదు. పడే అక్షరాలతోనే నాన్న చివరిదశ సుఖంగా గడిచేలా చేస్తాను.

సెప్టెంబరు 15, ఆదివారం

కాఫీ హోటల్లో ఈ రోజు నా జీవితంలోకెల్లా గొప్ప ప్రదర్శన. ఎలా మొదలైందో తెలీదు. ఎవరో నాన్న ఉపన్యాసం సంగతి ఎత్తారు, నేను ఫారం ఎత్తాను. కోర్టు బంట్రోతు గొంతుతో ప్రశ్న, నాన్న గొంతుతో జవాబు. “ఎంత తాగుదువు?” “ఆరు ఔన్సులండి, నాకు తెలీదండి.” బల్ల మీద గ్లాసులు ఎగిరాయి. ఒకడికి పొలమారి వీపు మీద కొట్టవలసి వచ్చింది. కాఫీ డబ్బులు ఎవరూ నన్ను ఇవ్వనివ్వలేదు.

నలుగురే. అందరూ నావాళ్లే.

సెప్టెంబరు 16

నలుగురే. పక్క బల్ల దగ్గరున్నాయన ఉప్మా తింటున్నాడు. అతను వినలేదు.

సెప్టెంబరు 21

ఆయన సంఘం అధ్యక్షుల తోడల్లుడట. ఉప్మా తినేవాడికి చెవులు పనిచేయవు కదా. అందులోనూ హోటలంతా గోల.

సెప్టెంబరు 29, ఆదివారం

సంఘం అధ్యక్షులు జగన్నాధం గారు ఉదయం మా ఇంటికి వచ్చారు. ఖద్దరు, చేతికర్ర, పక్కన ఇద్దరు సభ్యులు. సభ గురించే అనుకుని నాన్న కుర్చీ తుడిచి వేశాడు. అమ్మ మజ్జిగ తెచ్చింది. ఆయన తాగలేదు.

జేబులోంచి కాగితం తీశారు. ఎక్సైజు ఆఫీసులో ఎవరి చేతో నకలు రాయించుకొచ్చిన మా ఫారం. ఇంగ్లీషులో ఒక్కొక్క ముక్కా చదివి తెలుగులో అర్థం చెప్పారు. నేను చెప్పిన అర్థం కాదు. చదవడం అయ్యాక ఇది మీరు రాసినదేనా అని అడిగారు.

నాన్న కాగితం అందుకుని తను కూడా వేలు పెట్టి చదివాడు. ఎంతసేపు చదివాడో. ఔన్సులన్న చోట వేలు ఆగింది. తల ఎత్తి నావైపు చూస్తాడనుకుని గుమ్మం చాటుకి జరిగాను. చూడలేదు.

జగన్నాధం గారు మంచివారు. దారి చూపించారు. ఎవరైనా మోసం చేసి సంతకం పెట్టించుకున్నారని ఒక్క మాట అనమన్నారు, ఆ మాటతో తాను సంఘాన్ని సర్దుకుంటానన్నారు. అప్పుడు ఆయన గుమ్మం వైపు చూశారు.

నాన్న కాగితం మడిచి ఇచ్చేశాడు.

“సంతకం నాది. సదవకుండా పెట్టేనని సెప్పుకోమంటారేటి? నలభై ఏళ్లుగా జనం సేత సంతకాలు పెట్టిస్తన్నాను.”

ఎల్లుండి తరవాతి రోజు సభలో ఆఖరి ఉపన్యాసం జగన్నాధం గారే ఇస్తారట. సభ్యత్వ పుస్తకం అడిగి తీసుకున్నారు. నాన్న వీధి చివరిదాకా వెళ్లి వాళ్లని సాగనంపి వచ్చాడు.

సెప్టెంబరు 30

నాన్న నన్ను తిట్టలేదు.

అక్టోబరు 1

ఇవాళా తిట్టలేదు. తిడితే ఏం చెప్పాలో నాలుగు రకాలుగా సిద్ధం చేసుకుని ఉన్నాను. అందులో ఒకటి చాలా బాగుంది.

అక్టోబరు 2, బుధవారం

పొద్దున్న ఊరేగింపు మా వీధిలోంచే వెళ్లింది. నాన్న కండువా వేసుకుని వాకిట్లో నిలబడి దణ్ణం పెట్టాడు. కొందరు తలతిప్పుకున్నారు. కాఫీ హోటల్లో నా కాఫీ డబ్బులిచ్చినవాడొకడు జెండా పట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి ఆరు వేళ్లు చూపించాడు.

సాయంత్రం మూడు లాంతర్ల వైపునుంచి మైకు వినబడుతోంది. ఏడుకి అయిదు నిమిషాలుందనగా నాన్న, మందు కొలిచే ఔన్సు గ్లాసు తెమ్మని అమ్మని అడిగాడు. ఒంట్లో బాగులేదేమోనని అమ్మ పరుగున తెచ్చింది. నాన్న పీట వేసుకుని కూర్చుని, సీసా ముందు పెట్టుకుని, కలం చెక్కే చాకుతో తగరం చుట్టూ గీశాడు. బిరడా సగానికి విరిగింది. మిగిలిన సగం లోపలికి పొడిచాడు.

ఆ వాసన ఎలా ఉంటుందో నాకు తెలిసింది. తడిసిన కర్రలా, ఆస్పత్రిలా ఉంది.

నేను వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. ఫారంలో ఉన్నది నేను వేళాకోళానికి రాసినదని, అది నిజం కాదని చెప్పాను. అయిదారుసార్లు చెప్పాననుకుంటాను.

“ఏడు గంటలకని ఉన్నాది కాయితంలో” అన్నాడు నాన్న. “సెయ్యి తియ్యి. తొణుకుతాది.”

గ్లాసుతో ఒకటి, రెండు, మూడు అని కొలిచి చెంబులో పోశాడు. ఆరు. కళ్లు మూసుకుని తాగాడు. సగంలో దగ్గొచ్చి ముక్కులోంచి వచ్చింది. కారినదెంతో అంచనా వేసి, అంత మళ్లీ పోసుకుని తాగాడు. తరవాత గోడకి చేరబడి, జ్వరం వచ్చినవాడిలా వణుకుతూ కూర్చున్నాడు.

అమ్మ ఏడవలేదు. నావైపు తిరిగి, “ఊరందర్నీ నవ్వించేవు కదరా. నవ్వు” అంది.

అక్టోబరు 3, గురువారం

పొద్దున్నే జగన్నాధం గారింటికి వెళ్లాను. అంతా చెప్పాను. సీసా బేరం, షావుకారు, బయానా, ఫారం, నేను చెప్పిన తప్పుడు అర్థం. కాగితం ఇస్తే రాసి సంతకం పెడతానన్నాను. నిన్నటి దాకా నాన్న నాలుక మీద చుక్క పడలేదని ఆయన కాళ్లు పట్టుకుని చెప్పాను.

 ఆయన, పోయిన ఏడు ఒక పెద్దమనిషి బతికుండగానే చనిపోయాడని నేను ఊళ్లో వేసిన వార్త గుర్తుచేశారు. దండ పట్టుకుని వెళ్లినవాళ్లలో తానూ ఉన్నానన్నారు. ఇది కూడా అలాంటిదేనా అని అడిగారు. అది నా ఉత్తమ రచనల్లో ఒకటి. ఇన్నాళ్లూ అలాగే అనుకున్నాను.

చివరికి, నాన్న నోటితో ఒక్కసారి అనిపిస్తే చాలన్నారు. రేపు సాయంత్రం వస్తానన్నారు.

పగలంతా నాన్న పందిరి కింద అర్జీలు రాశాడు. ఏడింటికి ఆరు ఔన్సులు. ఈసారి కారలేదు.

అక్టోబరు 4, శుక్రవారం

ఆరింటికే వస్తారనుకున్నాను. కర్ర చప్పుడయ్యేసరికి ఏడుకి పది నిమిషాలుంది. నాన్న పీట మీద ఉన్నాడు. ముందు సీసా, ఔన్సు గ్లాసు, చెంబు. దాచమని సైగ చేశాను. నాన్న లేచి జగన్నాధం గారికి కుర్చీ వేసి, మళ్లీ పీట మీద కూర్చున్నాడు.

ఆయన సీసాని చూశారు. ఇరవై ఊళ్లలో పక్కన నిలబడి చూసిన సీసా. సగానికి దిగిపోయి ఉంది. అయినా ఓర్చుకుని, మీవాడు కాగితమంతా అబద్ధమంటున్నాడు, మీరేమంటారని అడిగారు.

నాన్న గోడ గడియారం చూశాడు. గంట కొట్టేదాకా ఆగి ఆరు ఔన్సులూ కొలుచుకున్నాడు. మొదటి రోజు కంటే చెయ్యి నిలకడగా ఉంది. తాగి, కండువాతో మూతి తుడుచుకుని అప్పుడు జవాబు చెప్పాడు.

“మొన్న మంగళవారం దాకా అబద్ధమే బాబూ. ఇప్పుడు కాదు.”

జగన్నాధం గారు లేచి చేతులు జోడించారు. నాకో, నాన్నకో, సీసాకో. కర్ర మరిచిపోయి వెళ్లారు. వెనక పరుగెత్తి ఇచ్చాను. తీసుకుంటూ, “ఈ నాటకం బాగా కట్టేవురా” అన్నారు.

అక్టోబరు 5, శనివారం

షావుకారు కాశీవిశ్వనాథం గారు మనిషిని పంపించారు. ఆలస్యం ఎందుకని, కావాలంటే ఆరు వందలు చేస్తానని. వంటింట్లోకి తీసుకెళ్లి సీసా చూపించాను. అడుగున నాలుగు వేళ్లుంది. ఆ మనిషి తలగోక్కుని, ఖాళీ సీసా అయినా పనికొస్తుందన్నాడు. లేబులు పసుపు కడిగిస్తే పన్నెండు రూపాయలు. అందులో ఏదో పోసి అమ్మేవాళ్లుంటారట. యాభై బయానా మాత్రం తిరిగివ్వాలట.

మధ్యాహ్నం నాన్నకి అన్నం పట్టుకెళ్లాను. పందిరి కింద ఒక పెద్ద రైతు కూర్చుని ఉన్నాడు. అన్నదమ్ముల పొలం గట్టు రెండు గజాలు అవతలుందని రాయమంటున్నాడు. నాన్న గట్టు ఎక్కడుందో అడిగాడు. ఉన్నచోట ఉందని, కాగితంలో మాత్రం జరపాలని రైతు నవ్వాడు.

“ఆ తాగుడు కాయితంలాటిదే ఇదీను. దానికెంత పుచ్చుకున్నారో అంతా ఇస్తాను.”

నాన్న దొంగ కాగితం పుట్టించాడన్న మాట అప్పుడే ఊళ్లు తిరిగినట్టుంది. నలభై ఏళ్లలో ఆ పందిరి కింద కూర్చుని ఆ మాట అన్నవాడు లేడు. నాన్న కలం మూత పెట్టి, మరో మనిషిని చూసుకోమన్నాడు. రైతుకి కోపం రాలేదు. ధర సరిపోలేదేమో అనుకుని ఇంకో రెండు రూపాయలు పెంచాడు. నాన్న కాగితాలు సర్దుకున్నాడు. రైతు మూడు పెంచాడు.

అన్నం ముట్టలేదు. ఏడింటికి ఆరు ఔన్సులు.

అక్టోబరు 6, ఆదివారం

ఈ ఆదివారం ఏ ఊళ్లోనూ ఉపన్యాసం లేదు.

సాయంత్రం సీసా పూర్తిగా వంచితే ఒక్క ఔన్సు వచ్చింది. నాన్న దాన్ని తాగి, ఖాళీ గ్లాసుని దీపం దగ్గర పెట్టి చూశాడు. అయిదు తక్కువ. లేచి వెళ్లి పప్పుడబ్బాల పక్కనుంచి పర్మిట్టు తీశాడు. పెట్టెలోంచి డబ్బు తీశాడు. అది అమ్మ కళ్లజోడు కోసం దాచినది, నాకు తెలుసు. రెండూ నా చేతిలో పెట్టి, రేపు విశాఖపట్నం వెళ్లి పర్మిట్టు షాపులో ఈ నెల కోటా తెమ్మన్నాడు.

బుధవారం చెయ్యి తియ్యమన్న తరవాత నాన్న నాతో సూటిగా అన్న మాట అదే. నేను వెళ్లనన్నాను. సీసా అయిపోయింది కదా, ఇక్కడితో సరిపోయిందన్నాను. కాగితం నిజమైపోయిందన్నాను. ఎవరూ అడగరన్నాను. అమ్మ గుమ్మంలో నిలబడి వింటోంది.

నాన్న అట్ట సరిచేసి పర్మిట్టుని నా జేబులో పెట్టాడు. అర్థం కాని రైతుకి అర్జీ చదివి వినిపించే గొంతు అది, కోపం లేదు, నెమ్మదిగా ఉంది.

“ఇరవై రెండేళ్లని రాసేవు కదా నాయనా. ఇంకా అయిదు రోజులే అయింది.”

మొదటి బస్సు అయిదున్నరకి.